మెడ చూసి చెక్కిన కాడి

మొన్న ఏలూరు నుంచి రాజమండ్రి వెళుతూ దారిలో ఒక హోటల్లో భోజనానికి ఆగాము. పల్లెటూరి పద్ధతిలో కట్టిన హోటలట. పల్లెటూరి పద్ధతి అంటే ఏమిటయ్యా అంటే, గుమ్మం పక్కన ఒక బండిచక్రం, గోడకి రెండు చేటలు, లోపల నెత్తిమీద దూలానికి వేలాడదీసిన ఒక ఎద్దుల కాడి. ఆ కాడికి ఆరు విద్యుద్దీపాలు. దీపాలు బాగున్నాయంది మా ఆవిడ. దాన్ని ఏమంటారు నాన్నా అని అడిగాడు మా అబ్బాయి. నేను అన్నం కలుపుకోవడం మానేసి, మెడ వెనక్కి వాల్చి, కాడి అడుగువైపు చూడడం మొదలుపెట్టాను. సర్వరు పరుగెత్తుకొచ్చి "ఏమైనా పడిందాండీ?" అన్నాడు ఆదుర్దాగా.

ఏమీ పడలేదు. కాడి మంచిదో చెడ్డదో తెలియాలంటే పైన చూడకూడదు, అడుగున ఎద్దు మెడ ఆనేచోట చూడాలి అని ఒకాయన నాకు నేర్పారు. హోటలువారి కాడి మంచిదే. ఎవరు చెక్కారోగాని మెడలు చూసి చెక్కారు.

నాకు నేర్పినాయన మా వూరి వడ్రంగి. ఈ వారం ఆయన్ని గురించి రాయాలని ఆ హోటల్లోనే, పెరుగన్నం దగ్గర, నిశ్చయించుకున్నాను.

మా వూరు నిడదవోలు. పాఠకుల్లో చాలామందికి ఆ వూరు ప్లాట్‌ఫారం మీద పరిచయమై వుంటుంది. మద్రాసు - హౌరా పెద్దలైను మీద దిగి, నరసాపురంవైపు పోయే బండికోసం కళ్ళు కాయలుకాసేలా కూర్చునే జంక్షను అది. చరిత్ర చదివినవారికి నిరవద్యపురమంటే తెలుస్తుంది. కాకతి రుద్రమదేవిని పెళ్ళాడిన చాళుక్య వీరభద్రుడు మా వూరివాడే. పశ్చిమగోదావరి జిల్లాలో పుట్టిన మేము 2022 ఏప్రిల్ నుంచి తూర్పుగోదావరివాళ్ళమయ్యాము. మేమెక్కడికీ కదలలేదు, జిల్లాయే కదిలింది. నేను తెలుగు మేష్టర్ని గనక వీరభద్రుణ్ణి గురించి నాలుగు వారాలపాటు రాయగలను. కాని ఆయన్ని తలుచుకోవడానికి శాసనాలున్నాయి. మా మేస్త్రికి ఏమీ లేదు, కొన్ని తలుపులు తప్ప.

పేరు చెప్పను. పిల్లలూ మనుమలూ వున్నారు, నేను చెప్పబోయే సంగతుల్లో కొన్ని వాళ్ళ ఇంటి గుట్టు. అదీగాక చర్చిలో తప్ప వూళ్ళో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవారు లేరు. మా నాన్నగారు "మేస్త్రీ" అనేవారు. మా మామ్మ "ఒరేయ్ మేస్త్రీ" అనేది. ఆయన మా నాన్నగారిని "పంతులుగారూ" అనీ, మామ్మని "అమ్మగారూ" అనీ, జానెడు లేని నన్ను "బాబుగారూ" అనీ పిలిచేవాడు. నేను ఆయన్ని "నువ్వు" అనేవాణ్ణి. నాకన్న నలభై అయిదేళ్ళు పెద్ద! ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఇక్కడ కూడా చూడండి, "ఆయన" అని ఎత్తుకొని "పిలిచేవాడు" అని దింపాను. అలవాటు అంత గట్టిది. ఇకనుంచి సవరించుకుంటాను.

మేస్త్రిగారు పుట్టుకచేత వడ్రంగి కారు. తండ్రి ఒక రైతు దగ్గర పాలేరు. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని విడిచి బయలుదేరిన కాలువ మా వూరిమీదుగా పోతుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినది మొదలు చాలాకాలం ఈ కాలువలే మాకు రోడ్లు. వడ్లూ, బెల్లమూ, పెళ్ళివారూ అందరూ పడవల మీదే. కుర్రతనంలో మేస్త్రిగారు గట్టుమీద పడవలు బాగుచేసేచోట పలకలందించే కూలీగా చేరారు. పనివాళ్ళు ఈయన చేతికి ఉలి ఇచ్చేవారు కారు. బల్ల పట్టుకో అంటే పట్టుకోవడం, మేకు ఇయ్యి అంటే ఇవ్వడం, అంతే. మధ్యాహ్నం వాళ్ళు భోజనాలకి పోయినప్పుడు పారేసిన చెక్కముక్కల మీద తొలులు తొలుచుకుంటూ పని నేర్చుకున్నారు. ఈ మాట విని నేను చదువుకున్నవాడి వుత్సాహంతో ఏకలవ్యుడి కథ ఎత్తుకోబోతే ఆపేశారు. "ఆయనకి వేలు పోయింది బాబుగారూ, నాకు పదీ వున్నాయి" అని రెండు చేతులూ చాపి చూపించారు. నిజానికి తొమ్మిదిన్నరే. ఎడమచేతి చూపుడువేలి కొస ఎప్పుడో బాడిశ తీసుకుపోయింది.

ఆయన పనిచేస్తుంటే చూడడం నాకు బడికి వెళ్ళడంకన్న ఇష్టంగా వుండేది. ఒక మేకుల డబ్బా వుండేదిగాని మూత తీయడం అరుదు. ఒక చెక్కలో తొలి తొలిచి, రెండో చెక్క చివర కుసి దింపి, ఈ కుసిని ఆ తొలిలో పెట్టి కొడతారు. అడ్డంగా ఒక చిన్న కర్రమేకు బిగిస్తారు. బల్లగాని, తలుపుగాని, పట్టెమంచంగాని అంతా ఈ రెండు మాటల మీదే నిలబడుతుంది. ఇనపమేకు వానాకాలం తుప్పుపట్టి చుట్టూ వున్న చెక్కని తింటుంది, కర్రమేకు చెక్కతోబాటే వాచి చెక్కతోబాటే ఆరుతుంది అనేవారు. పాపికొండల అవతలి కలప తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించిన కాలం ఆయనకి గుర్తు. ఆ కలప కోయగానే ముక్కు దగ్గర పెట్టుకొని టేకో, మద్దో, వేగిసో చెప్పేవారు. వాసన లేనిదాన్ని మామిడిచెక్క అనేసేవారు, అది ఏ చెక్కయినా సరే.

1986 ఆగస్టు వరద నాకు లీలగా జ్ఞాపకం. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. నీళ్ళు తీశాక చుట్టుపక్కల వూళ్ళనుంచి మేస్త్రిగారికి ఒకటే కబుర్లు, తలుపులు వాచిపోయి పడడం లేదని. వెళ్ళి చూసి ఏమీ చేయకుండా తిరిగి వచ్చేవారు. "తడిసిన తలుపుకి చిత్రిక పట్టకూడదండి. ఇవాళ తీసేస్తే ఆరాక వేలెడు సందు వస్తుంది. అప్పుడు మళ్ళీ నన్నే తిడతారు." కార్తీకం దాకా చాలా ఇళ్ళ తలుపులు తాళ్ళతో కట్టి వున్నాయి. ఆయనకి రావలసిన కూలీ కూడా కార్తీకందాకా రాలేదు.

ఆదివారం పని ముట్టుకొనేవారు కారు. మా జిల్లాల్లో క్రైస్తవం ఇవాళ్టిది కాదు. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషువారు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. తరవాత లూథరన్ మిషన్‌వారు రాజమండ్రిని కేంద్రం చేసుకున్నారు. మేస్త్రిగారి తాత ఏ దొర చేతిమీదుగా బాప్తిస్మం తీసుకున్నాడో ఆయనకి తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. "మా తాత తీసుకున్నాడు, మా నాన్న తీసుకున్నాడు, నేనూ తీసుకున్నాను. బాబుగారూ, మీరు జంధ్యం ఎందుకు వేసుకున్నారో మీకు తెలుసా?" అన్నారొకసారి. నాకు తెలియదు. ఆదివారం తెల్లపంచె, తెల్లచొక్కా, భార్యా, నలుగురు పిల్లలూ, అందరూ వరసగా మా వీధిలోంచే చర్చికి నడిచివెళ్ళేవారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలంటే ప్రాణం. గొంతు మాత్రం రంపానికి ఆకురాయి పట్టినట్టుండేది. అందరికన్న అరమాత్ర ముందు ఎత్తుకొని, అరమాత్ర వెనక ముగించేవారు. చర్చి బల్లలు ఆయన చేసినవే గనక ఎవరూ ఏమీ అనేవారు కారు.

దుక్కుల రోజుల్లో ఆదివారంనాడు కాడి విరిగిందంటూ వచ్చిన రైతుకి తిట్టాలని వుండేది. తిట్టి లాభం లేదు. సోమవారం కోడికూయకముందే వాకిట్లో ప్రత్యక్షమయ్యేవారు. ఆదివారం చేసే పని ఒక్కటే, శవపేటిక. ఎవరింట్లో పోయినా, ఏ పేటవారైనా, చర్చి మధ్యలోంచి కూడా లేచివెళ్ళేవారు. పెద్దవాళ్ళ పెట్టెకి చెక్క ఖర్చూ కూలీ తీసుకొనేవారు. పసిపిల్లల పెట్టెకి ఏమీ తీసుకొనేవారు కారు. కొలతకి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు అడుగుబద్ద పట్టుకువెళ్ళేవారు కారు. జేబులో ఒక కొబ్బరీనె పెట్టుకువెళ్ళి, బిడ్డ పక్కన ఆనించి, ఎంతదాకా వచ్చిందో అక్కడ గోటితో విరిచి, మళ్ళీ జేబులో పెట్టుకొనేవారు. "అడుగుబద్ద తల్లి కళ్ళబడుతుంది బాబుగారూ. ఈనెముక్కని ఎవరూ చూడరు."

ఇక మా ఇంటి సంగతి. మా మామ్మ దేవుడి మందిరం ఆయన చేసిందే. పాత ఇంటి సింహద్వారం టేకు మిగిలివుంటే దాంతో చేయమన్నది మామ్మ. వసారాలో కూర్చుని పన్నెండురోజులు చేశారు. నాలుగు స్తంభాలు, పైన చిన్న గోపురం, ముందు రెండు బుల్లి తలుపులు. ఒక్క మేకు లేదు. పూర్తయ్యాక మందిరాన్ని వసారాలోంచి లోపలికి మోయించడానికి మామ్మ వేరే మనుషుల్ని పిలిపించింది. పురోహితుడు వచ్చి పుణ్యాహవచనం చేసి మందిరం మీద కలశంలో నీళ్ళన్నీ చల్లాడు. మేస్త్రిగారు వాకిట్లో నిలబడి చూస్తున్నారు. చూసి చూసి, "అమ్మగారూ, నీళ్ళు మరీ ఎక్కువ చల్లించకండి, తలుపులు వాస్తాయి" అన్నారు. మామ్మ నవ్వింది. మేము పిల్లలం కూడా నవ్వాము. ఆయన హాస్యానికి అన్నారో, పనివాడుగా అన్నారో, మరో అర్థంతో అన్నారో నాకిప్పటికీ తేలలేదు. ఆయన కాఫీ తాగే గాజుగ్లాసు వసారా గూట్లో విడిగా వుండేది. తాగాక కడిగి ఆయనే బోర్లించేవారు.

1987లో అనుకుంటాను, మేస్త్రిగారి పెద్దకొడుకు పాలిటెక్నిక్‌కి దరఖాస్తు పెట్టాడు. వూళ్ళో అందరి దరఖాస్తులూ నింపేది మా నాన్నగారే. కులమూ మతమూ రాయవలసిన గడి దగ్గర నాన్నగారు కలం ఆపారు. ఇక్కడ కొంచెం చట్టం చెప్పక తప్పదు. 1950లో రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల వుత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారు మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల్లో "సి" వర్గం. షెడ్యూల్డు కులాలకు నూటికి 15 సీట్లయితే ఈ వర్గానికి నూటికి ఒకటి. అందుచేత చాలా ఇళ్ళల్లో పిల్లలకి రెండు పేర్లు. చర్చిలో ఒకటి, బడిలో ఒకటి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ ఎవరినీ అడగరు.

నాన్నగారు గొంతు తగ్గించి, "ఇదిగో మేస్త్రీ, హిందూ అని ఒక్కముక్క రాస్తాను. కుర్రాడు తెలివైనవాడు, సీటు వస్తుంది. నువ్వు చర్చికి వెళ్ళడం ఎవరూ ఆపరు" అన్నారు. క్లాసులో హరిశ్చంద్రుడి పాఠం చెపుతూ కళ్ళనీళ్ళు పెట్టుకొనే మా నాన్నగారు! ప్రేమకొద్దీ అన్నారు, నాకు తెలుసు. మేస్త్రిగారు చాలాసేపు తలపంకించి, "తొలి ఒకచోట తొలిచి కుసి ఇంకోచోట దింపితే బల్ల నిలబడదు పంతులుగారూ. ఉన్నదే రాయండి" అన్నారు. కుర్రాడు గుమ్మం పక్కన నిలబడి తండ్రి మొహం చూస్తున్నాడు. నాకు ఏడేళ్ళు, విషయం అర్థంకాలేదు, కాని ఆ చూపు గుర్తుంది. నాన్నగారు ఉన్నదే రాశారు. సీటు రాలేదు.

చాలా ఏళ్ళపాటు నేను ఈ సంగతిని గొప్పగా చెప్పుకొన్నాను, క్లాసుల్లో కూడా చెప్పాను. ఇప్పుడంత ధీమాగా చెప్పలేను. లెక్చరరుగా ఎంతమంది పిల్లల స్కాలర్‌షిప్పు కాగితాలు నా చేతిమీదుగా పోయాయో! రెండు పేర్లు పెట్టుకొన్నవారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మతం మారితే కులం పోతుందని కాగితం అంటోంది. మా వసారా గూట్లో గ్లాసు పోలేదంటోంది. ఈ రెంటిలో ఏది సాక్ష్యమో ఆలోచించడానికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన ఒక కమిషన్‌ని వేసింది. మమ్మల్ని అడిగివుంటే గ్లాసు సంగతి చెప్పేవాళ్ళం.

కుర్రాడు తండ్రి దగ్గరే ఏడాదిన్నర పనిచేసి, 1989లో కువైటు వెళ్ళాడు. అక్కడ చేసేది వడ్రంగమేగాని మన వడ్రంగం కాదు. మేడలకి కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించి, కాంక్రీటు ఆరాక వూడబీకే పని. "నా కొడుకు చేసింది ఏదీ మిగలదండి, మేడ మాత్రం మిగులుతుంది" అని తండ్రి నవ్వేవారు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటులో దిగింది. ఆ తరవాత వుత్తరం లేదు, కబురు లేదు. మా వీధిలో టీవీ మా ఇంట్లోనే వుండేది. సాయంత్రం తెలుగు వార్తల వేళకి మేస్త్రిగారు పని ఆపుకొని వచ్చి వసారాలో కిటికీ దగ్గర నిలబడేవారు. నాలుగోరోజో అయిదోరోజో మామ్మ లోపల్నుంచి, "అక్కడ నిలబడితే నీకేం వినబడుతుందిరా, లోపలికి వచ్చి కూర్చో" అన్నది. ఆయన కదల్లేదు. "నిన్నే మేస్త్రీ" అన్నది మళ్ళీ. అప్పుడు లోపలికి వచ్చారు. ఆ గుమ్మానికి ద్వారబంధం ఎత్తింది, తలుపులు బిగించింది ఆయనే. తలుపు పడ్డాక లోపల అడుగుపెట్టడం మాత్రం అదే మొదటిసారి. గోడవారగా నేలమీద, మందిరానికి ఎదురుగా కూర్చుని వార్తలు విన్నారు. నెలపైన అలా రోజూ వచ్చి విన్నారు.

ఒకరోజు వార్తలయ్యాక లేవలేదు. "పంతులుగారూ, ఆరోజు మీరు చెప్పినట్టు ఒక్కముక్క రాయించివుంటే వాడు ఏలూరులోనో కాకినాడలోనో వుండేవాడు. నేను తప్పు చేశానంటారా?" అన్నారు. మా నాన్నగారు దేనికైనా జవాబు చెప్పగలవారు. ఆరోజు లేచి టీవీ కట్టేసి వచ్చి, "భోంచేశావా?" అని అడిగారు.

అబ్బాయి సెప్టెంబరులో వచ్చాడు. బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయికి, అక్కడనుంచి రైల్లో మా స్టేషనుకి. ఆ రెండునెలల్లో లక్షా డెబ్భైవేలమందిని ప్రభుత్వం అలా తీసుకువచ్చింది. ఒంటిమీద చొక్కా, చేతిలో ప్లాస్టిక్ సంచీ. చర్చిలో కృతజ్ఞతకూటం పెట్టారు. మా నాన్నగారు వెళ్ళి వెనకబల్ల మీద కూర్చున్నారు. మామ్మ అరిసెలు చేసి పంపింది. మర్నాటినుంచి మేస్త్రిగారు మళ్ళీ వసారాలోనే. గ్లాసు గూట్లోనే. ఇది రాయకుండా దాటేస్తే కథ ఇంకా బాగుండేది.

కొడుకు రెండేళ్ళు తిరక్కుండా మస్కటు వెళ్ళాడు. కూతుళ్ళిద్దరూ నర్సు ట్రైనింగులు చేశారు, మిషన్ ఆసుపత్రుల్లో. ఆఖరువాడు లారీ డ్రైవరు. ఈ చదువులకీ పెళ్ళిళ్ళకీ డబ్బు ఎక్కువగా మస్కటునుంచే వచ్చింది. కొడుకు సెలవులకి వచ్చినప్పుడు తండ్రితో బాగానే మాట్లాడేవాడు, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. చర్చికి వెళ్ళేవాడు కాదు.

ఎం.ఎ. చదివే రోజుల్లో, 2002 వేసవిలో, నేను ఒక పుస్తకం చంకన పెట్టుకొని మేస్త్రిగారి దగ్గరికి వెళ్ళాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది. నాగలి భాగాలకీ, కాడి భాగాలకీ ఏ జిల్లాలో ఏమంటారో అందులో వుంటుంది. మా వూళ్ళో ఏమంటారో రాసుకుందామని నా వుబలాటం. అప్పటికి దుక్కులన్నీ ట్రాక్టర్లవి. అయినా ఆయన దగ్గర ఒక కాడి సగం చెక్కి వుంది. పట్టుబట్టి ఎద్దుల్ని వుంచుకొన్న ముసలి రైతొకడు చేయించుకొంటున్నాడట. "మీరు" అని నేను ఆయన్ని మొదటిసారి అన్నది అప్పుడే. విన్నట్టు కనిపించలేదు.

పదాలు చెప్పడం ఆయనకి విసుగు. చేతులు చెప్పడం ఇష్టం. కాడిని బోర్లా తిప్పి అడుగున నా అరచేయి పెట్టి రుద్దారు. "ముందు కలప చూడకూడదు. పశువులపాకలోకి వెళ్ళి మెడ చూడాలి. జతలో రెండు మెడలూ ఒక్కలా వుండవు. ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకటి పొట్టి. రెండువైపులా ఒక్కలా చెక్కితే చూడ్డానికి బాగుంటుంది, ఎద్దుకి పుండు పడుతుంది." కాడి ఇచ్చిన వారానికి మళ్ళీ వెళ్ళి మెడమీద చేయివేసి చూసేవారట. ఒకచోట బొచ్చు లేచిపోతే అక్కడ కాడిమీద గోరంత చెక్కి, ఆముదం రాసి వచ్చేవారు. దానికి కూలీ లేదు.

కాడిని గురించి ఏసుక్రీస్తు చెప్పిన మాట ఒకటి సువార్తలో వుంది. అంతకుముందు ఆదివారం పాస్టరుగారు దానిమీదే ప్రసంగించి, ప్రభువు పెట్టే బరువు తక్కువ అని అర్థం చెప్పారట. మేస్త్రిగారికి నచ్చలేదు. బయటికి వచ్చాక పాస్టరుగారిని పట్టుకొని, "బరువు తక్కువని కాదండయ్యగారూ. బరువు బరువే. మెడకి ఒరుసుకోదని. అది వడ్రంగి చెప్పిన మాట, వడ్రంగికే తెలుస్తుంది" అన్నారట. ఈ సంగతి నాతో చెపుతూ ఎంత సంబరపడ్డారో! రెండువేల ఏళ్ళనాటి తోటి పనివాడితో ఒక కిటుకు పంచుకొన్న సంబరం అది.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ వయస్సులో నోటికి తాళం వుండదు. "మరి మీ పెద్దబ్బాయి మెడకి ఒరుసుకోలేదా?" అన్నాను.

చిత్రిక ఆగింది. ఆయన నావైపు చూడలేదు. చెక్కమీది పొట్టు ఊదుకొని, "ఒరిసింది బాబుగారూ. వాడి మెడ నేను చూడలేదు" అన్నారు. తరవాత మళ్ళీ చిత్రిక పట్టారు. నేను పుస్తకం మూసుకొని వచ్చేశాను. ఆ వేసవిలో పదాలేమీ రాసుకోలేదు.

2011లో పోయారు, పండుముసలితనంలో, నిద్రలో. శనివారం రాత్రి. కొడుకు ఆ మధ్యనే మస్కటునుంచి వచ్చేసి ఇంటిదగ్గరే వున్నాడు. కబురు తెలిసి నేను ఆదివారం పొద్దున్నే బయలుదేరి వెళ్ళాను. చర్చిలో ఆరాధన ముగించుకొని అందరూ తిన్నగా ఆ ఇంటికే వచ్చారు. మా మామ్మ అప్పటికి లేదు. మా నాన్నగారు కుర్చీ వేయించుకొని వాకిట్లో కూర్చున్నారు.

పెట్టె రాజమండ్రినుంచి ఆటోలో వచ్చింది. ఇప్పుడు వాటికి దుకాణాలున్నాయి. నాసిరకం చెక్కమీద తెల్ల శాటిను గుడ్డ అతికించి, మూలలకి ఇత్తడి రంగు రేకులు కొట్టి, చూపుకి బాగానే వుంది. ఆయన్ని అందులో వుంచి ప్రార్థన చేశారు. మూత వేయబోతే పడలేదు. ఒకవైపు వేలెడు ఎత్తున నిలిచింది. ఇద్దరు కుర్రాళ్ళు మూతమీద చేతులు వేసి నొక్కబోయారు.

"ఆగండి" అన్నాడు పెద్దకొడుకు. వంగి, అంచున గుడ్డ కొంచెం వూడదీసి లోపల చూశాడు. "తొలి లేదు, కుసి లేదు, అన్నీ మేకులే" అన్నాడు ఎవరితోనూ కాకుండా. లోపలికి వెళ్ళి తండ్రి పనిముట్ల పెట్టె తెచ్చుకొన్నాడు. మూత తీయించి రెండు పీటలమీద ఆనించాడు. పాతికేళ్ళుగా చిత్రిక పట్టని చేయి. మొదట రెండుసార్లు చెక్కకి తట్టుకొని ఆగిపోయింది. చిత్రికలో ఉలి బయటికి తీసి, సానరాయిమీద నూరుకొని మళ్ళీ బిగించాడు. అప్పుడు సాగింది. పాస్టరుగారు పుస్తకం మూసి నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు. కొంచెం చెక్కడం, మూత పెట్టి చూడడం, మళ్ళీ తీసి కొంచెం చెక్కడం. నాలుగోసారికి చప్పుడు లేకుండా పడింది.

అందరూ పెట్టె ఎత్తుకొని బయలుదేరారు. కోడలు వెనక వుండిపోయి, వాకిట్లో పడ్డ పొట్టు చేటలోకి ఎత్తుతోంది, పొయ్యిలోకి పనికివస్తుందని. ఆ ఇంట్లో గ్యాసుపొయ్యి వచ్చి అప్పటికి పదేళ్ళయింది.